హిస్టరీ చదివి బొమ్మల మ్యూజియంలో ఉద్యోగమా? అమెరికాలో ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి

తెనాలి మాస్టారు:

అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో 31 ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా రెండో అమ్మాయి హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో ఎం.ఏ. హిస్టరీ చేసింది. ఇప్పుడు అమెరికాలో ఏదో "పబ్లిక్ హిస్టరీ" అట, దాన్లో మళ్ళీ ఎం.ఏ. చేస్తానని సీటు తెచ్చుకుంది. కొంత ఫీజు వాళ్ళే మాఫీ చేశారు. మిగతాదానికి లోను పెట్టాలి.

అంతవరకూ బాగానే ఉంది. మొన్న రాత్రి అన్నాల దగ్గర, "అక్కడ ఏం చదువుతావమ్మా?" అనడిగాను. "అమెరికా పిల్లల బొమ్మలు, ఆటలు, వాటి చరిత్ర నాన్నా" అంది. ముద్ద మింగుడు పడలేదు. చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, శిస్తులు అనుకునే తరం మాది. మా అన్నయ్య కొడుకులిద్దరూ డాలస్‌లో సాఫ్ట్‌వేర్. వాళ్ళ ముందు ఈ మాట ఎలా చెప్పాలో కూడా తెలియట్లేదు.

నేనడిగేవి రెండే. ఇలాంటి ఉద్యోగాలు నిజంగా ఉన్నాయా? బొమ్మల మీద చరిత్ర అనేది అసలు చరిత్రేనా? పిల్ల మనసు విరిచేయాలని కాదు, తెలియక అడుగుతున్నాను.

డాలస్ శీను:

అంకుల్, సూటిగా చెప్తున్నా, ఏమీ అనుకోకండి. హిస్టరీ స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగు, లెక్కలు) లిస్టులో లేదు. చదువయ్యాక ఓపీటీ, అంటే చదువు వీసా మీదే ఉద్యోగం చేసుకునే గడువు, 12 నెలలే. కంప్యూటర్స్ వాళ్ళకొచ్చే 24 నెలల పొడిగింపు వీళ్ళకు రాదు. ఆ ఏడాదిలో ఉద్యోగం దొరకాలి, వాళ్ళు హెచ్-1బీ (ఉద్యోగ వీసా) వెయ్యాలి, లాటరీలో తగలాలి. నేనైతే డేటా ఎనలిటిక్స్‌కి మార్చుకోమంటాను. బొమ్మలు వీకెండ్‌లో చూసుకోవచ్చు.

గవ్వలాట:

మాస్టారూ, నమస్కారం. నాది విజయనగరం. ఆంధ్రా యూనివర్సిటీలో ఎం.ఏ. హిస్టరీ చేసి, 2008లో పెళ్ళయి హెచ్-4 (హెచ్-1బీ వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద ఇక్కడికొచ్చాను. ఇప్పుడొక మ్యూజియంలో కలెక్షన్స్ విభాగంలో, అంటే వస్తువులు నమోదు చేసి భద్రపరిచే చోట, పని చేస్తున్నాను. పేరు చెప్పను. మాది చిన్న లోకం, అందరికీ అందరూ తెలుసు.

శీను గారు చెప్పిన వీసా లెక్క కరెక్టే. దానికి ఒక ముక్క కలుపుతాను. యూనివర్సిటీలకు, వాటికి అనుబంధంగా ఉండే లాభాపేక్ష లేని సంస్థలకు హెచ్-1బీ లాటరీ లేదు. యూనివర్సిటీ కింద నడిచే మ్యూజియాలు అలా కలిసొస్తాయి. అయితే దారి ఉంది కదాని స్పాన్సర్ చేసేవాళ్ళు వరసలో నిలబడి ఉంటారనుకోకండి.

మీ రెండో ప్రశ్న ముందు తీసుకుంటాను. అదే అసలు ప్రశ్న.

1954లో అమెరికా సుప్రీంకోర్టు బళ్ళలో నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ వేరుచేసి కూర్చోబెట్టడం చెల్లదని తీర్పిచ్చింది. ఆ కేసుల్లో వాడిన సాక్ష్యాల్లో బొమ్మలున్నాయి మాస్టారూ. కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అని భార్యాభర్తలు, ఇద్దరూ నల్లజాతి సైకాలజిస్టులు. నాలుగు బొమ్మలు, రంగు తప్ప అన్నీ ఒకేలా ఉండేవి, చిన్నపిల్లల ముందు పెట్టి అడిగేవారు. "మంచి బొమ్మ ఏది? చెడ్డది ఏది?" చివర్న, "నీలా ఉండేది ఏది?" నల్లపిల్లల్లో ఎక్కువమంది తెల్లబొమ్మనే మంచిదన్నారు. ఆఖరి ప్రశ్న దగ్గర కొందరు ఏడుస్తూ గదిలోంచి వెళ్ళిపోయారట. ఆ తీర్పులో 11వ ఫుట్‌నోటు క్లార్క్ రాసినదాంతోనే మొదలవుతుంది. శిస్తులంత బరువైన చరిత్రేనంటారా, కాదంటారా?

ఇంకోటి చెప్తాను, ఇది మీకు నచ్చుతుంది. మనకు వైకుంఠపాళి ఉంది కదా. అది ఇంగ్లండు వెళ్ళి అక్కడి పిల్లల ఆటయింది. అక్కణ్ణుంచి అమెరికా వచ్చింది. 1943లో మిల్టన్ బ్రాడ్లీ అనే ఆటల కంపెనీ దాన్ని వేసేటప్పుడు, పిల్లలు జడుసుకుంటారని పాములు తీసేసి జారుడుబల్లలు పెట్టింది. మా అమ్మమ్మ ఇంట్లో పటంలో పెద్దపాము నోట్లో పడితే కిందికొచ్చి మళ్ళీ పుట్టినట్టే. ఇక్కడ బిస్కెట్ల జాడీలో చెయ్యి పెట్టినవాడు జారుడుబల్ల మీద జర్రున జారతాడు, అంతే. మోక్షం పోయింది, మంచి నడవడి మిగిలింది. ఆ కంపెనీ పెట్టినాయన 1860లో తన మొదటి ఆట వేసినప్పుడు మాత్రం ఇంత మెత్తదనం లేదు. గళ్ళల్లో దరిద్రం, జైలు, ఆఖరికి ఆత్మహత్య కూడా ఉన్నాయి. అంత రాసినాయన పాచికలు మాత్రం పెట్టలేదు, అవి జూదగాళ్ళవని. బదులుగా అంకెలేసిన చిన్న బొంగరం పెట్టాడు. పిల్లలకు చావు గురించి చెప్పొచ్చు, పాచిక మాత్రం చూపించకూడదు! ఏ కాలంలో పెద్దలు దేనికి భయపడ్డారో తెలియాలంటే పిల్లల చేతిలో ఏం పెట్టారో చూడాలి. ఏం పెట్టలేదో కూడా చూడాలి.

ఇక "పబ్లిక్ హిస్టరీ" అన్న పేరు సంగతి. 1970ల్లో ఇక్కడ హిస్టరీ పీహెచ్‌డీలు కుప్పలుతెప్పలుగా ఉండేవారు, ప్రొఫెసర్ ఉద్యోగాలు లేవు. శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో రాబర్ట్ కెల్లీ అనే ఆయన నీళ్ళ తగాదాల కేసుల్లో చరిత్రకారుడిగా సాక్ష్యం చెప్పేవాడు. క్లాసు బయట కూడా మనకు పనుందని 1976లో ఈ కోర్సు పెట్టాడు. కోర్టులు, ప్రభుత్వ ఆఫీసులు, పార్కులు, మ్యూజియాలు... చరిత్ర చదివినవాళ్ళు జనం మధ్య చేసే పని ఏదైనా దీని కిందికే వస్తుంది. అంటే పుట్టుకే నిరుద్యోగంలోంచి. ఈ విషయం మీ అమ్మాయికి కోర్సులో మొదటి వారమే చెప్తారు, కంగారుపడకండి.

నా కథ చెప్తే మీకు ఉద్యోగం సంగతి కూడా తెలుస్తుంది.

అప్పట్లో హెచ్-4లో జీతం తీసుకోకూడదు. మిడ్‌వెస్ట్‌లో మేమున్న ఊళ్ళో ఒక చిన్న మ్యూజియం ఉండేది. 2009లో వెళ్ళి వాలంటీరుగా చేస్తానన్నాను. నన్ను నేలమాళిగలో ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పని ఏమిటంటే, దాతలిచ్చిన వస్తువు తీయాలి, నంబరు వెయ్యాలి, కొలవాలి, ఫొటో తీయాలి, ఎక్కడ పగులుందో, ఎక్కడ మరకుందో కాగితం మీద రాయాలి. రోజుకు ఆరేడు వస్తువులైతే గొప్ప. లేతరంగు గ్లౌజులు, మెత్తటి పెన్సిల్. పెన్ను ఆ గదిలోకి రానివ్వరు.

ఒకావిడ తల్లి పోయాక నాలుగు అట్టపెట్టెలు తెచ్చిచ్చింది. దాన్లో రెండు బొమ్మలు. ఒకటి పింగాణీ తల, పట్టుగౌను, టిష్యూ కాగితంలో చుట్టింది చుట్టినట్టే ఉంది. రెండోది కాంపొజిషన్ బొమ్మ. అంటే రంపపు పొట్టు, జిగురు కలిపి అచ్చులో పోసి పైన రంగేసినది. 1930ల్లో ఇక్కడ మామూలు ఇళ్ళల్లో అవే ఉండేవి. దాని ఎడమచేతి వేళ్ళు అరిగిపోయి, లోపలి పొట్టు కనిపిస్తోంది. మొహమంతా మట్టి.

నేను చేసిన వెధవపని ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. ఆ మట్టి చూడలేక, దూది తడిపి చెంప తుడిచాను. కాంపొజిషన్ బొమ్మకు నీళ్ళు తగలకూడదని నాకు తెలీదు. కందిబద్దంత రంగు దూదికి అంటుకుని వచ్చేసింది. డెబ్భై ఏళ్ళు ఒక పిల్ల, ఒక పొలం, ఒక అటక ఏమీ చెయ్యలేని చెంపను నేను అరనిమిషంలో పాడుచేశాను. "వాలంటీరు తడిదూదితో తుడిచినందువల్ల రంగు ఊడింది" అని రిపోర్టులో నా చేతే రాయించారు. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

తర్వాత గాజుపెట్టెలో ఏది పెట్టాలన్న మాట వచ్చింది. పెద్దలందరూ పింగాణీ బొమ్మే అన్నారు. నిగనిగలాడుతోంది కదా. నాకెందుకో మింగుడు పడలేదు. ఆ పెట్టెలిచ్చినావిడకు ఫోన్ చేసి, వేళ్ళు ఎలకలు కొరికాయా అనడిగాను. ఆవిడ నవ్వి, "ఎలకలు కాదు, మా మావయ్య" అంది. ఆవిడ తల్లికి ఏడేళ్ళప్పుడు పొలం దగ్గర చంటి తమ్ముణ్ణి చూసుకునే పని. వాడికి పళ్ళొచ్చే రోజుల్లో ఏడుపు ఆపడానికి బొమ్మ చెయ్యి నోట్లో పెట్టేదట. పింగాణీ బొమ్మనేమో క్రిస్మస్‌కి తప్ప ముట్టుకోనిచ్చేవారు కాదు.

నేను ఈ పని జన్మంతా చెయ్యాలనుకున్నది ఆ ఫోన్ పెట్టేసిన క్షణంలో. మ్యూజియానికి చేరేదేమో పిల్లలు ఆడుకోని బొమ్మ. ఆడుకున్నది ఆడి ఆడి చెత్తకుప్పకు పోతుంది. గాజుపెట్టెలో కనిపించేది పెద్దల ముచ్చట, పిల్లల ఆట కాదు. పిల్లలేమో శిస్తు కట్టరు, ఓటెయ్యరు, దస్తావేజు మీద సంతకం పెట్టరు. వాళ్ళు వదిలిపెట్టే కాగితం వంటిది ఏదైనా ఉంటే అది ఆ నమిలిన చెయ్యే. దాన్ని చదవడానికే చదువు కావాలి.

కొన్ని నెలలు పోట్లాడాక రెండూ పక్కపక్కన పెట్టారు. లేబులు నన్ను రాయమన్నారు. 60 మాటలు దాటకూడదు, ఆరో క్లాసు పిల్లాడికి అర్థం కావాలి. పదకొండుసార్లు తిరగరాశాను. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: "ఈ బొమ్మ ఎడమచేతి వేళ్ళు చూడండి. ఏడేళ్ళ అక్క పొలం దగ్గర తమ్ముణ్ణి చూసుకునేది. వాడికి పళ్ళొచ్చేటప్పుడు ఈ చెయ్యి నమిలేవాడు. ఆమెకు ఇది ఆటా? పనా?" చెంప మీద మచ్చ సంగతి మాత్రం లేబుల్లో రాయలేదు.

ఆ తర్వాత హెచ్-4లోనే పబ్లిక్ హిస్టరీ ఎం.ఏ. చేశాను. 2015లో కొందరు హెచ్-4 వాళ్ళకు పనిచేసే అనుమతి వచ్చింది, మా ఆయన గ్రీన్‌కార్డు కాగితాలు అప్పటికే ఒక దశ దాటాయి కాబట్టి నాకూ దొరికింది. మొదటి జీతం గంటకు 16 డాలర్లు, వారానికి 20 గంటలు, ఇన్సూరెన్స్ లేదు. ఫుల్‌టైం కావడానికి ఇంకో నాలుగేళ్ళు పట్టింది. దాచడం ఎందుకు, మా ఆయన జీతం లేకపోతే అన్నాళ్ళు ఆగేదాన్ని కాదు. లోను పెట్టేముందు మీరు తెలుసుకోవాల్సింది ఇదే. బొమ్మలు చరిత్రా కాదా అన్నది కాదు.

వీలైతే మీ అమ్మాయిని వచ్చిన కొత్తలోనే న్యూయార్క్ రాష్ట్రంలో రాచెస్టర్ వెళ్ళి స్ట్రాంగ్ మ్యూజియం చూడమనండి. మార్గరెట్ వుడ్‌బరీ స్ట్రాంగ్ అని కొడాక్ షేర్లున్న శ్రీమంతురాలు. చిన్నప్పుడు తల్లిదండ్రులతో దేశాలు తిరిగేటప్పుడు ఆమె చేతికి ఒక చిన్న సంచీ ఇచ్చేవారట, దాన్లో పట్టేంతవరకే బొమ్మలు కొనుక్కోవాలని. ఆ సంచీ అలవాటే పెరిగి పెరిగి, 1969లో ఆమె పోయేనాటికి ఒక్క బొమ్మలే 20 వేలు దాటాయి. 1982లో మ్యూజియం తెరిచినప్పుడు పరిశ్రమల కాలపు అమెరికా రోజువారీ జీవితం అంటూ పెద్దలకోసం పెట్టారు. తర్వాత మెల్లగా దారి మార్చి, ఆట మీదే మొత్తం నిలబెట్టారు. చరిత్రకారులు సంపాదకులుగా ఆట మీద ఒక పరిశోధన పత్రిక కూడా 2008 నుంచి వస్తోంది అక్కణ్ణుంచి.

అక్కడ మేటి ఆటవస్తువుల గౌరవపట్టిక ఒకటుంది. ఏటా కొన్నిటిని చేరుస్తారు. 2005లో అట్టపెట్టెను చేర్చారు. ఖాళీ అట్టపెట్టె! 2008లో కర్రపుల్ల. నవ్వులాటకు చేశారనుకున్నాను మొదట. తర్వాత తట్టింది, కొన్న బొమ్మలన్నీ పెద్దల గురించి సాక్ష్యం చెప్తాయి, కర్రపుల్ల ఒక్కటే పిల్లల గురించి చెప్తుంది. దాన్ని గాజుపెట్టెలో పెట్టడం ఎలాగన్నది వేరే తలనొప్పి.

ఎడిసన్ అమ్మ:

గవ్వలాట గారూ, మొత్తం చదివాను. ఒక చిన్న మాట. మా అమ్మాయికి 2023లో కవి శర్మ అనే అమెరికన్ గర్ల్ కంపెనీ బొమ్మ కొన్నాం. మా పక్క ఊరు మెటచెన్‌లో ఉండే ఇండియన్ పిల్ల అని దాని కథ. ధర చూసి మా అత్తగారు సోఫాలో కూలబడ్డారు. కానీ మా పిల్ల దాన్ని పెట్టెలోంచి తీసి "అమ్మా, ఇది నాలాగే ఉంది" అంది. మీరు రాసిన క్లార్క్ దంపతుల ఆ ఆఖరి ప్రశ్న చదవగానే అదే గుర్తొచ్చింది. ఈ కంపెనీ బొమ్మల వెనక కూడా చరిత్ర చదివినవాళ్ళు ఉంటారా?

గవ్వలాట:

ఉంటారండీ. అసలా కంపెనీ ఆలోచన పుట్టిందే ఒక మ్యూజియం లాంటి ఊళ్ళో. ప్లెజెంట్ రోలండ్ అనే ఆవిడ వర్జీనియాలో కలోనియల్ విలియమ్స్‌బర్గ్ చూడ్డానికెళ్ళి, పిల్లలకు చరిత్ర ఇలా చేత్తో పట్టుకునేలా ఎందుకివ్వకూడదు అనుకుంది. 1986లో మూడు బొమ్మలతో మొదలుపెట్టింది. ఒకటి 1854 నాటి పిల్ల, ఒకటి 1904, ఒకటి 1944. ముగ్గురూ తెల్లపిల్లలే. 1993లో ఆడీ అనే నల్లపిల్ల వచ్చింది, 1864లో బానిసత్వం తప్పించుకుని పారిపోయిన పిల్ల. ఆ బొమ్మకు నల్లజాతి చరిత్ర తెలిసిన పండితులతో ఒక సలహా బృందాన్నే కూర్చోబెట్టారు. అయినా మొదటి నల్లబొమ్మకు బానిసకథే ఎందుకివ్వాలని అడిగినవాళ్ళున్నారు. సరైన ప్రశ్నే. 1998లో బార్బీ చేసే మాటెల్ కంపెనీ 70 కోట్ల డాలర్లకు మొత్తం కొనేసింది. మీ అత్తగారు ఆ సోఫాలో ఉండగా ఈ అంకె మాత్రం చెప్పకండి.

మీ పిల్లది జాగ్రత్తగా దాచమనను. ఆడుకోనివ్వండి. జుట్టు చిక్కులు పడనివ్వండి.

తెనాలి మాస్టారు:

అమ్మా గవ్వలాటా, మీరు రాసింది ప్రింటు తీయించి మా ఆవిడకు చదివి వినిపించాను. నమిలిన చెయ్యి దగ్గర ఆవిడ పైటకొంగు కళ్ళకద్దుకుంది. అమ్మాయికి ఇంకా చూపించలేదు. లోను సంగతి తేల్చుకున్నాకే చూపిస్తాను. జీతం లెక్క దాచకుండా చెప్పినందుకు మీకు ఋణపడి ఉంటాను. లెక్కల మాస్టారిని, నాకు అంకెలుంటేనే ధైర్యం.

ఒక సందేహం. మా ఇంట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతాం. మా అమ్మగారి కొండపల్లి బొమ్మలు, దశావతారాలు, ఏనుగు అంబారీ, అరవై ఏళ్ళవి, రంగు చెదరలేదు. మీరన్న లెక్కలో చూస్తే అవి ఎవరూ ఆడుకోనివే కదా? మెట్లమీద పెట్టడం, తియ్యడం, గుడ్డలో చుట్టడం. మేం చిన్నప్పుడు నిజంగా ఆడుకున్నవి తాటాకు పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు. సాయంత్రానికి చిరిగేవి. తాటిబుర్రల బండైతే రెండు రోజులొచ్చేది. అవేవీ ఒక్కటి కూడా లేవిప్పుడు.

గవ్వలాట:

మాస్టారూ, మీ అమ్మాయి అడ్మిషన్ వ్యాసంలో ఏం రాసిందో నాకు తెలీదు కానీ, మీరు ఈ నాలుగు లైన్లు రాసింది చూస్తే తను ఎవరి పోలికో తెలిసింది. తాటిబుర్రల బండి ఎలా చేసేవారో, ఏ పుల్ల ఇరుసుకు వాడేవారో, ఎవరు గెలిచేవారో, ఆడపిల్లల్ని తోలనిచ్చేవారో లేదో, అన్నీ ఒక సాయంత్రం ఫోన్లో రికార్డు చేసి పెట్టమనండి తనని. వస్తువు లేనప్పుడు మేమూ చేసేది అదే. ఇక్కడ క్లాసులో మొదటి అసైన్‌మెంటుకు పనికొస్తుంది.

తెనాలి మాస్టారు:

నిన్న సాయంత్రం అటక ఎక్కాం అమ్మాయీ నేనూ. తాటాకు ఏదీ దొరకలేదు. మా అమ్మాయి ఆడుకున్న లక్కపిడతలు మాత్రం ఒక బిస్కెట్ డబ్బాలో దొరికాయి. కుంపటి, బిందె, మూకుడు ఉన్నాయి. గరిటె సగానికి విరిగింది. బిందె అడుగున ఏదో నల్లగా ఎండిపోయి అంటుకునుంది. చింతపండో, బెల్లమో. తుడిచి పంపమంటారా?

గవ్వలాట:

తుడవకండి మాస్టారూ! దూది, నీళ్ళు, చీరకొంగు, ఏదీ తగలనివ్వకండి. ముందు ఉన్నదున్నట్టు ఫొటో తీయండి. తర్వాత ఆ బిందెలో ఏం వండిందో అమ్మాయినే అడగండి.